పస్రా దాటినంక పనికొచ్చే బండి: ఎక్స్‌పల్స్ 200 4వీ

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు వారం వారం పోయి రావడానికి బండి వెతుకుతున్నవాళ్ళు చదవడం ఇక్కడితో ఆపేయొచ్చు. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ఆ పని కోసం చేసిన బండి కాదు. అదే 163వ జాతీయ రహదారి మీద ఇటు ములుగు దిక్కు తిరిగి, పస్రా దగ్గర తారు వదిలి మొరం తొవ్వ పట్టేవాళ్ళకు, సీటు వెనక డేరా కట్టుకుని ఒక రాత్రి బయట ఉండి వచ్చేవాళ్ళకు మాత్రం దీని గురించి చెప్పాల్సింది చాలా ఉంది. అందులో మంచే ఎక్కువ. చెడు కూడా చిన్నదేం కాదు, దానిలో సగం చక్రాల దగ్గరే ఉంది.

2019లో వచ్చిన మొదటి ఎక్స్‌పల్స్‌కు రెండు వాల్వులు, 2021 అక్టోబరులో వచ్చిన ఈ 4వీకి నాలుగు. 199.6 సీసీ ఇంజను, ఆయిల్ కూలరు, దాదాపు 19 పీఎస్ పవరు, 17.35 ఎన్ఎం టార్కు, ఐదు గేర్లు, 13 లీటర్ల ట్యాంకు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. ముందు షాకులు 190 మిల్లీమీటర్లు, వెనకది 170 మిల్లీమీటర్లు ఆడతాయి. ఇంజను కింద నేలకు 220 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. బరువు 160 కిలోలకు అటూ ఇటూ. షోరూంలో అందరూ పవరు దగ్గరే ఆగిపోయి ఈ చివరి అంకెను దాటేస్తారు. ఒర్రెలో రాళ్ళ మధ్య బండి పక్కకు ఒరిగితే లేపాల్సింది ఆ బరువునే. 200 కిలోల దగ్గర ఉండే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌ను తడిసిన బురదలో ఒక్కరే లేపడం గగనం. దీన్ని మాత్రం హ్యాండిల్ పూర్తిగా నేల దిక్కు తిప్పి, వీపు సీటుకు ఆనించి, కాళ్ళ బలంతో వెనక్కి నడుస్తూ లేపేయొచ్చు.

తారు మీద దీని హాయి గంటకు 80, 85 కిలోమీటర్ల దాకే. 90 దాటితే ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్‌లో వణుకు మొదలవుతుంది. ఆరో గేరు లేదు కాబట్టి 100 మీద గంటసేపు పోతే ఇంజను ఓర్చుకుంటుందేమో గానీ చేతులు తిమ్మిరెక్కుతాయి. ములుగు రోడ్డు మీద ఇసుక లారీని దాటాలనుకుని టాప్ గేరులో యాక్సిలరేటర్ ఎంత తిప్పినా లాభం లేదు. టార్కు, అంటే ఇంజను లాగే బలం, పూర్తిగా అందేది 6,500 ఆర్పీఎం దగ్గరే. ఒక గేరు దించి, అవసరమైతే రెండు దించి ఇంజనును అక్కడికి లేపాలి, ఎదురుగా మామూలు కంటే ఎక్కువ ఖాళీ చూసుకోవాలి. సామాను బరువుతో పోతే లీటరుకు 35 నుంచి 40 కిలోమీటర్లు లెక్కేసుకోండి. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, బొగత జలపాతం చూసి, తిరిగి వరంగల్ చేరడం 300 కిలోమీటర్ల లోపే, అంటే ఒక్క ట్యాంకులో అయిపోతుంది. అయినా ములుగులో పైదాకా నింపుకుని పోవడమే మేలు. అడవిలో తొవ్వ తప్పితే పెట్రోలు గురించిన ఆలోచన ఒకటి తగ్గుతుంది.

సీటు గట్టిది, సన్నది. గంటన్నర తర్వాత తెలుస్తుంది. ఆ సన్నదనం తప్పు కాదు, నిలబడి నడిపేటప్పుడు మోకాళ్ళతో ట్యాంకును పట్టుకోవడానికి అట్లా చేశారు. వెనక ఇంకొకరిని ఎక్కించుకుని పైన క్యాంపింగ్ సామాను కూడా కడతామంటే ఈ బండి వద్దు. ఒక్కరు, ఒక డేరా, అంతే.

సామాను ఎంత, ఎక్కడ అన్నది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. లెక్క చూడండి: ఇద్దరు పట్టే డేరా రెండున్నర, మూడు కిలోలు. పరుపు, స్లీపింగ్ బ్యాగు కలిపి రెండు. నీళ్ళు ఐదు లీటర్లంటే ఐదు కిలోలు. పానాలు, ట్యూబులు, పంపు కలిపి నాలుగు. పొయ్యి, గిన్నె, తిండి మూడు. బట్టలు, వానకోటు ఇంకో మూడు. దాదాపు ఇరవై కిలోలవుతుంది. ఇదంతా తీసుకుపోయి వెనక క్యారియర్ మీద ఒకే మూటగా కట్టడం చాలామంది చేసే పని. వెనక చక్రం యాక్సిల్‌కు కూడా వెనకగా, ఎత్తులో బరువు పడితే ముందు చక్రం తేలికవుతుంది, ఇసుకలో హ్యాండిల్ తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. నీళ్ళు, పానాలు పక్క సంచుల్లో కింద, వీలైనంత ముందుకు పెట్టాలి. డేరా, పరుపు సీటు మీద అడ్డంగా, నడుముకు ఆనేటట్టు కట్టాలి. క్యారియర్ మీద బట్టలకు మించి వద్దు. ఇంకో సంగతి: దీని సైలెన్సర్ కుడి వైపు పైకి లేచి ఉంటుంది. గుడ్డ సంచి దానికి తగిలితే పది నిమిషాల్లో కరుగుతుంది. సంచిని సైలెన్సర్‌కు తగలకుండా ఆపే ఇనుప స్టే బిగించకుండా కుడి వైపు సంచి వేయొద్దు.

వెనక షాకుకు స్ప్రింగు బిగువు మార్చుకునే వీలుంది. సామాను కట్టిన రోజు రెండు మూడు మెట్లు బిగించాలి. ఆ పని చేయకపోతే వెనక భాగం కుంగి హెడ్‌లైటు చెట్ల కొమ్మలకు కొడుతుంది. ఇంకో ప్రమాదం ఎవరూ ఊహించనిది: బండి కుంగితే సైడు స్టాండు ఆ మేరకు పొడుగైనట్టే కదా. బండి ఎడమకు ఒరగకుండా నిటారుగా నిలబడుతుంది. కాస్త గాలికో, కుడి వైపు నేల పల్లంగా ఉంటేనో అటు పడిపోతుంది. మెత్తటి నేలలో అయితే స్టాండు కింద చదును రాయి గానీ, తొక్కి చదును చేసిన డబ్బా గానీ పెట్టాలి.

ఇక చక్రాలు. స్పోకుల రిమ్ములు, లోపల ట్యూబులు. రాళ్ళ మీద గుద్దుకున్నప్పుడు అల్లాయ్ రిమ్ము పగులుతుంది, స్పోకు రిమ్ము వంగి బతుకుతుంది, కాబట్టి స్పోకులు సరైన నిర్ణయమే. కానీ ట్యూబు ఉందంటే, తుమ్మ ముల్లు దిగిన చోటే చక్రం విప్పాలి. ట్యూబ్‌లెస్ టైరుకు వేసినట్టు బయటి నుంచి ప్లగ్గు వేసి పోవడం కుదరదు. పస్రా నుంచి తాడ్వాయి దాకా అడవి. అక్కడ బండిని నెట్టుకుంటూ పోవడానికి సిద్ధం కానివాళ్ళు ఈ పని ఇంటి ముందు రెండుసార్లు చేసి నేర్చుకోవాలి. బండి కొన్న వారంలోనే నేర్చుకుంటే మంచిది.

తీసుకుపోవాల్సినవి: 21 అంగుళాల ట్యూబు ఒకటి, టైరు లీవర్లు మూడు, రెండు యాక్సిళ్ళకూ సరిపోయే పానాలు, వాల్వు పిన్ను తీసే చిన్న సాధనం, ప్యాచులు, సొల్యూషన్, గరుకు కాగితం, పంపు. రెండు ట్యూబులకు చోటు లేకపోతే 21 అంగుళాలదే పెట్టుకోండి. గండం గట్టెక్కడానికి దాన్ని వెనక 18 అంగుళాల చక్రంలో ఇరికించవచ్చు, 18ని 21కి సాగదీయలేం. పైగా 18 అంగుళాల ట్యూబు, మామూలు బళ్ళదే అయినా, ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. 21 అంగుళాలది అడిగితే పంక్చర్ షాపాయన మన ముఖం చూస్తాడు. హిమాలయన్ ముందు టైరు సైజు కూడా ఇదే 90/90-21 కాబట్టి ఆ బండి ట్యూబు దీనికి సరిపోతుంది.

వెనక చక్రం పంక్చరైతే పని ఇట్లా సాగాలి. దీనికి సెంటర్ స్టాండు రాదు. ముందు బ్రేకు లీవరును రబ్బరు పట్టీతో హ్యాండిల్‌కు బిగించి కట్టేయండి, బండి ముందుకు జారదు. యాక్సిల్ నట్టును చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. గాల్లోకి లేపినంక పానాకు బలం పెడితే బండి ఆసరా మీది నుంచి జారిపోతుంది. ఆ తర్వాత కుడి వైపు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి) కింద బలమైన కర్ర గానీ, పేర్చిన రాళ్ళు గానీ పెట్టి చక్రం నేల వదిలేటట్టు చేయాలి. చెయిన్ అడ్జస్టర్లు వదులు చేసే ముందు గీతలు ఎక్కడున్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. చక్రాన్ని ముందుకు నెట్టి, చెయిన్‌ను పళ్ళచక్రం మీది నుంచి దించి, యాక్సిల్ లాగాలి. అప్పుడు రెండు పక్కల నుంచీ బుష్షులు రాలతాయి. ఏది ఎటు వైపుదో చూసి ఆ వైపే గుడ్డ మీద పెట్టుకోవాలి. తారుమారైతే చక్రం బిగుస్తుంది గానీ డిస్కు బ్రేకుకు రాసుకుంటుంది. డిస్కు బయటికొచ్చినంక పొరపాటున వెనక బ్రేకు తొక్కితే ప్యాడ్లు మూసుకుంటాయి, మళ్ళీ చక్రం ఎక్కదు. అందుకే ప్యాడ్ల మధ్య చెక్క ముక్కో, మడిచిన అట్టో పెట్టేయాలి.

టైరు విప్పడంలో బలం పనికిరాదు. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలండి. మడమలతో చుట్టూ తొక్కి టైరు అంచును రిమ్ము నుంచి విడదీయండి. లీవరు వాల్వు దగ్గర పెట్టి, దానికి ఎదురుగా ఉన్న అంచును మోకాలితో రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కి పట్టాలి. ఆ పల్లంలో అంచు కూర్చుంటేనే ఇటు వైపు వదులొస్తుంది. అది కూర్చోకుండా లీవరు మీద వేలాడితే ట్యూబుకు రెండో చిల్లు పడటం ఖాయం. ట్యూబు తీసినంక టైరు లోపల చేత్తో కాకుండా గుడ్డతో తుడవాలి, ముల్లు ఉన్న చోట గుడ్డ చిక్కుకుంటుంది. చిల్లుకు కారణం దొరకనిదే కొత్త ట్యూబు ఎక్కించొద్దు. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చిల్లులు పాము కాటులా కనిపిస్తే ముల్లు కోసం వెతకక్కర్లేదు. గాలి తక్కువ ఉండగా రాయి మీద కొట్టి, రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట.

ప్యాచు వేయాలంటే గరుకు కాగితంతో ప్యాచు కంటే కొంచెం వెడల్పుగా రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వాలి. ఐదు నిమిషాలు. తొందరపడి తడి మీద అతికిస్తే ఎండకు రోడ్డు వేడెక్కినప్పుడు ఊడి వస్తుంది. మే నెలలో మంథని, రామగుండం దిక్కు పోయేవాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం. ట్యూబును చక్రంలో పెట్టే ముందు గుండ్రంగా నిలిచేటంత గాలి కొట్టండి, మడత పడదు. టైరు ఎక్కించేటప్పుడు వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి, వాల్వును మధ్యలో ఒకసారి లోపలికి నొక్కి చూడాలి. గాలి నిండినంక టైరు పక్కన రిమ్ము వెంబడి ఉండే సన్న గీత చుట్టూ సమానంగా కనబడాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే అక్కడ సబ్బు నీళ్ళు పూసి మళ్ళీ గాలి కొట్టాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని బ్యాటరీకే నేరుగా కలపాలి. మొబైల్ చార్జింగ్ కోసం ఇచ్చిన యూఎస్‌బీ పాయింటు దాని కరెంటును మోయలేదు. కాలి పంపు బరువే, కానీ అది చెడిపోవడానికి దానిలో ఏమీ లేదు.

గాలి ఎంత ఉంచాలన్నది బండి మీది స్టిక్కరు చెబుతుంది, తారు మీద అదే పాటించండి. మొరం మీద, ఇసుకలో 20 పీఎస్ఐ దాకా దించితే పట్టు బాగా పెరుగుతుంది. అంతకంటే దించితే పైన చెప్పిన పాము కాటు, లేదా టైరు రిమ్ము మీద జారి వాల్వును కోసేయడం. వాల్వు నిటారుగా కాకుండా వంకరగా కనిపిస్తే జారడం మొదలైందనే. వెంటనే ఆపి, గాలి నింపాకనే ముందుకు పోవాలి.

బ్రేకుల గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ముందు చక్రానికే. మట్టిలో అదే మంచిది, వెనక చక్రాన్ని కావాలని జార్చి బండిని తిప్పుకోవచ్చు. 2023లో వచ్చిన మార్పుతో ఏబీఎస్‌కు రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు తీర్లు ఇచ్చారు. రాళ్ళ దిగుడులో ఆ తేడా బాగా తెలుస్తుంది. హెడ్‌లైటు కూడా అప్పుడే మెరుగుపడింది. పాత 4వీ కొన్నవాళ్ళు రిలే పెట్టి రెండు చిన్న లైట్లు బిగించుకోక తప్పదు. లైట్లున్నా తాడ్వాయి అడవిలో చీకటి పడ్డాక నడపడం తెలివైన పని కాదు. రోడ్డు మీద పడుకున్న ఎద్దు కళ్ళు మెరవాలంటే అది మన దిక్కు చూడాలి కదా.

నేల విషయానికొస్తే, ములుగు వైపు ఎర్ర చెలకలు, మొరం తొవ్వలు దీనికి ఇల్లు లాంటివి. 21 అంగుళాల చక్రం గుంతలోకి దిగకుండా అంచుల మీది నుంచి దొర్లిపోతుంది. ఉట్నూరు దిక్కు పత్తి చేన్ల మధ్య నల్లరేగడి వేరే కథ. వాన పడ్డ రెండు గంటలు ఆ బాటల మీదికి ఏ బండినీ ఎక్కించొద్దు. మట్టి టైరు గాడులను నింపి, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చేరి, చక్రాన్ని అసలు తిరగనివ్వదు. క్లచ్చు కాల్చి లాగితే పొగ తప్ప బండి రాదు. ఆపి, కర్ర ముక్కతో మట్టి పెకలించి, గడ్డి అంచున నడిపించాలి. ఆయిల్ కూలరు రేకుల మధ్య చేరిన మట్టిని ఎండనిచ్చి బ్రష్షుతో దులపాలి. వాటర్ సర్వీసింగు వాళ్ళు దగ్గరి నుంచి నీళ్ళ గన్ను కొడితే ఆ మెత్తటి రేకులు వంగి గాలి పోదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళలో తిరిగేటప్పుడు ఇంజను వేడిలో ఆ తేడా కనిపిస్తుంది.

ఒర్రెల్లో యాక్సిల్ లోతు నీళ్ళు దీనికి ఆట. దాటే ముందు దిగి నడిచి చూడాలి, మోకాలు మునిగితే వెనక్కి తిరగాలి. పారే లోలెవల్ వంతెన మీద మాత్రం బండి సత్తా లెక్కలోకి రాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అట్లాంటి వానలు పడే చోట ఒర్రె అర గంటలో వాగవుతుంది. బండి నీళ్ళలో పడి ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. నీళ్ళు సిలిండర్‌లో ఉండగా పిస్టన్ పైకి లేస్తే నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. స్పార్కు ప్లగ్గు విప్పి, ఎయిర్ ఫిల్టర్ చూసి, ప్లగ్గు లేకుండా ఇంజను తిప్పి నీళ్ళు చిమ్మించాకనే మళ్ళీ స్టార్టు చేయాలి.

డేరా ఎక్కడ వేయాలన్నది ఈ బండి తీర్చే సమస్య కాదు, కానీ బండి ఎక్కడికైనా పోతుందనే ధైర్యంతో చేసే తప్పు ఒకటుంది. ఏటూరునాగారం అభయారణ్యంలో గానీ, కవ్వాల్ పులుల అభయారణ్యంలో గానీ అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం, నిప్పు రాజేయడం కేసు పెట్టించుకునే పని. బాటకు గొలుసు కట్టి ఉంటే పక్క నుంచి పోయే వీలు బండికున్నా పోవద్దు. లక్నవరంలో టూరిజం వాళ్ళ ఏర్పాటు ఉంది. ఊరి పక్క చెలకల్లో అయితే "కాకా, ఈ ఒక్క రాత్రి ఉండి పొద్దుగాల పోతం" అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. వాన కాలంలో చెరువు లోపలి వైపు, ఒర్రె ఒడ్డున ఇసుకలో ఎంత చదునుగా కనిపించినా డేరా వేయొద్దు. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ దిక్కు పోతే రాత్రి పది డిగ్రీల కంటే కిందికి పడుతుంది. పల్చటి స్లీపింగ్ బ్యాగు చాలదు, బండి మీద పొద్దున ఆరింటికి వేళ్ళు కదలవు.

కొత్తది కొనేవాళ్ళకు ఇప్పుడు ఎక్స్‌పల్స్ 210 కూడా ఉంది. లిక్విడ్ కూలింగు, ఆరు గేర్లు, 24.6 పీఎస్. తారు మీద పైన చెప్పిన ఫిర్యాదుల్లో చాలావాటికి అది జవాబు. నెలలో ఒకసారైనా హైదరాబాద్ పోయేవాళ్ళు దానికే పోవాలి. అడవి బాటలే పని అయితే సెకండ్ హ్యాండ్ 200 4వీ, మిగిలిన డబ్బుకు మంచి టైర్లు, సంచులు. 200 4వీలోనే ప్రో అనే రకం జోలికి పొట్టివాళ్ళు పోవద్దు, దాని సీటు 891 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, బురదలో కాలు ఆనకపోతే షాకులు ఎంత పొడుగున్నా దండగ. పేరు చూసి 200టీ కొనేసేవాళ్ళు కూడా ఉన్నారు. అది 17 అంగుళాల అల్లాయ్ చక్రాల రోడ్డు బండి, వేరే జాతి.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు మీటర్ రీడింగు కంటే ఇంజను కింది రేకు ఎక్కువ నిజం చెబుతుంది. దాని మీది సొట్టలు లోపలి ఇంజనును తాకాయా అని టార్చి వేసి చూడండి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నట్టనడుమ ఎక్కడో చిన్నగా గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయినట్టే. ఫోర్కు రాడ్ల మీద వేలు రాస్తే నూనె అంటకూడదు. చివరగా చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చిన్న పానాతో ఒక్కో స్పోకును మీటండి. బిగువుగా ఉన్నది టింగుమని మోగుతుంది, వదులైనది టక్కుమంటుంది. రెండు మూడు టక్కులైతే బిగించుకోవచ్చు. వరుసగా అర చక్రం టక్కుమంటే, ఆ రిమ్ము ఎక్కడో పెద్ద రాయిని చూసి వచ్చింది. ధర ఎంత తగ్గించినా ఆ బండిని అక్కడే వదిలేయండి.